సముద్రతీర నగరంలో సెలవులు: ఎక్కడ దిగాలి, ఎక్కడ తినాలి

సముద్రం ఉన్న ఊరికి వెళ్దాం అనుకోగానే ఎవరైనా ముందు గది వెతకడం మొదలుపెడతారు. బాల్కనీ నుంచి అలలు కనిపించే ఫొటో ఒకటి నచ్చుతుంది, బుక్ చేసేస్తారు. తిండి సంగతి వెళ్ళాక చూసుకోవచ్చులే అనుకుంటారు. నేను మాత్రం ఈ వరస మార్చమంటాను. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఎక్కడ తినబోతున్నారో ముందు అనుకోండి. అది తేలితే గది ఏ వీధిలో ఉండాలి, హోటలా అపార్ట్‌మెంటా, భోజనంతో కలిపి తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్నలు సగానికి సగం తేలిపోతాయి.

తీరంలో ఉన్న నగరాల్లో డబ్బు ముఖ్యంగా రెండు చోట్ల ఎక్కువ పోతుంది. ఒకటి సముద్రం కనిపించే గది, రెండోది సముద్రం కనిపించే భోజనబల్ల. ఈ రెండింటికీ ఒకే రోజు డబ్బు పెట్టాల్సిన అవసరం చాలామందికి లేదు. గదిలోంచే సముద్రం కనిపిస్తుంటే రాత్రి భోజనానికి లోపలి వీధికి వెళ్ళొచ్చు. గది లోపలి వీధిలో తీసుకుంటే, మిగిలిన డబ్బుతో ఒడ్డున కూర్చుని తృప్తిగా తినొచ్చు. ఏదో ఒకటి ఎంచుకుని, దాన్ని మంచిది చూసి తీసుకోండి.

ఒడ్డునే ఉండాలా, రెండు వీధులు వెనక్కి జరగాలా

బుకింగ్ సైట్లలో రాసే మాటలు జాగ్రత్తగా చదవాలి. ‘సీ ఫ్రంట్’ అంటే భవనం సముద్రానికి ఎదురుగా ఉందని అర్థం. మీకిచ్చే గది అటువైపే ఉంటుందన్న హామీ అందులో లేదు. ‘సీ వ్యూ’ అంటే గదిలోంచి సముద్రం కనిపిస్తుంది, కానీ అది ఎంత దూరంలో ఉందో ఆ మాట చెప్పదు. ‘సైడ్ సీ వ్యూ’, ‘పార్షియల్ సీ వ్యూ’ అని ఉంటే బాల్కనీలో ఓ మూలకి జరిగి నిలబడితే కనిపించేంత సముద్రం అనుకోండి. వీటికి అదనంగా డబ్బు పెట్టొద్దని నా గట్టి సలహా. పెడితే పూర్తిగా సముద్రం వైపున్న గదికి పెట్టండి, లేదా అసలు పెట్టకండి.

తీరం పక్కనే అన్న హోటల్‌కీ ఇసుకకీ మధ్య నాలుగు లైన్ల రోడ్డు ఉండటం నగరాల్లో మామూలే. మ్యాప్‌ని శాటిలైట్ వ్యూలో పెట్టి చూస్తే ఆ రోడ్డు ఎంత వెడల్పో, దాటే చోటు ఎంత దూరమో తెలుస్తుంది. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఇది చూడకుండా డబ్బు కట్టకూడదు. ‘బీచ్‌కి 300 మీటర్లు’ అని రాసింది కూడా చాలాసార్లు మ్యాప్ మీద గీత గీసి కొలిచిన దూరమే. ఊరు కొండ మీద ఉంటే ఆ లెక్కలో మెట్లు, మలుపులు ఉండవు.

హోటల్ ముందున్న తీరం ఎలాంటిదో కూడా చూసుకోవాలి. బీచ్ అనగానే అందరికీ ఇసుకే గుర్తొస్తుంది గానీ, ఫ్రాన్స్‌లోని నీస్ లాంటి పేరున్న నగరంలో తీరమంతా గులకరాళ్ళు. నడకకి, చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది, చిన్నపిల్లలు ఇసుకగూళ్ళు కట్టుకోవడానికి పనికిరాదు. కొన్ని నగరాల్లో ఊరి మధ్యలోని తీరం ఓడరేవుకి దగ్గరగా ఉండి, ఈతకి వేరే చోటికి వెళ్ళాల్సి వస్తుంది. ఎరుపు, పసుపు రంగులు కలిసిన జెండాలు పాతి ఉంటే ఆ రెండు జెండాల మధ్య లైఫ్‌గార్డులు కాపలా కాస్తున్నారని చాలా దేశాల్లో గుర్తు. ఎర్రజెండా ఉంటే ప్రమాదం, చాలా దేశాల్లో ఒక్కటున్నా నీళ్ళలోకి దిగకూడదనే అర్థం. కొన్నిచోట్ల రెండు ఎర్రజెండాలు కలిపి పెడితేనే పూర్తిగా నిషేధం. లైఫ్‌గార్డు లేని తీరానికి ఎదురుగా ఖరీదైన గది తీసుకోవడం కన్నా, లైఫ్‌గార్డు ఉన్న తీరానికి పది నిమిషాల నడకలో మామూలు గది తీసుకోవడం మేలు. పెద్దవాన పడ్డాక ఊరి మురుగు సముద్రంలో కలుస్తుంది, కాబట్టి ఒకట్రెండు రోజులు ఎక్కడా నీళ్ళలోకి దిగకపోవడమే మంచిది.

ఆటుపోట్ల సంగతి చాలామంది పట్టించుకోరు. చాలా తీరాల్లో ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందుకే ఇవాళ వచ్చిన పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ పోటుకీ ఆటుకీ మధ్య నీటిమట్టంలో తేడా బాగా ఎక్కువ. ఇరుకైన తీరమైతే పోటు సమయంలో కూర్చునే చోటే మిగలదు. ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య ఉన్న ఇంగ్లిష్ చానల్ ఒడ్డున కొన్ని ఊళ్ళలో ఆటు సమయంలో నీళ్ళు చాలా దూరం వెనక్కి పోతాయి. మధ్యధరా సముద్రంలో మాత్రం చాలాచోట్ల ఈ తేడా తెలియనంత తక్కువ. మీరు వెళ్ళే వారానికి పోటు వేళలు ముందే చూసుకుంటే పొద్దున ఈతా, సాయంత్రం ఈతా అన్నది తేలుతుంది, దాన్నిబట్టి భోజనాల వేళలు కూడా.

ఇక గాలి. పగలు నీళ్ళకన్నా నేల త్వరగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేస్తే ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. ఎండకాసే రోజుల్లో ఇది మధ్యాహ్నానికి కాస్త ముందు మొదలై, రెండు మూడు గంటలకల్లా బలపడి, పొద్దు వాలాక తగ్గుతుంది. రాత్రి గాలి తిరగబడి నేల నుంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది. ఒడ్డున మొదటి వరస భవనాలకి ఈ గాలి నేరుగా తగులుతుంది. వాటి వెనక ఎత్తయిన భవనాలతో ఇరుకుగా ఉన్న వీధుల్లోకి రాకపోవచ్చు, కాబట్టి వెనక వీధిలో గదికి ఏసీ ఉందో లేదో తప్పకుండా అడగాలి.

అదే గాలి ఉప్పుని మోసుకొస్తుంది. తాళాలు, కిటికీ బందులు, ఏసీ బయటి యూనిట్లు ఒడ్డున త్వరగా తుప్పుపడతాయి. అందుకని ఒడ్డు మీది హోటల్‌కి ఎన్ని స్టార్లున్నాయన్న దానికన్నా దాన్ని ఎంత శ్రద్ధగా చూసుకుంటున్నారన్నది ముఖ్యం. మూడేళ్ళ కిందటి మెచ్చుకోళ్ళు వదిలేసి, ఈ ఆరు నెలల్లో రాసిన రివ్యూలే చదవండి. వాటిలో తేమవాసన, పనిచేయని ఏసీ, రాత్రంతా మ్యూజిక్ అన్న మాటలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తే ఆ హోటల్ వదిలేయండి.

ఇన్ని చెప్పినా ఒడ్డున గది తీసుకోవాల్సిన వాళ్ళు కొందరున్నారు. చంటిపిల్లలు ఉన్నవాళ్ళు మధ్యాహ్నమంతా బిడ్డ నిద్ర కోసం గదిలోనే ఉంటారు. మోకాళ్ళ నొప్పులతో ఎక్కువ నడవలేని పెద్దవాళ్ళు కూర్చున్న చోటి నుంచే సముద్రం చూడాలి. ఒక్క రాత్రి కోసం వచ్చినవాళ్ళకి తిరిగే టైమే ఉండదు. ఈ ముగ్గురికీ బాల్కనీ విలాసం కాదు, సెలవంటేనే ఆ బాల్కనీ. మిగిలినవాళ్ళు, అంటే పొద్దున వెళ్ళి రాత్రి నిద్రకి మాత్రమే గదికి వచ్చేవాళ్ళు, రెండు మూడు వీధులు వెనక్కి జరగొచ్చు. అక్కడ చప్పుడు తక్కువ, తినే చోట్లు ఎక్కువ.

సముద్రం ఏ దిక్కున ఉంది?

గదికన్నా భోజనానికి ఇది ఎక్కువ పనికొస్తుంది. సముద్రం పడమట ఉంటే సూర్యుడు నీళ్ళలోకే దిగుతాడు. సాయంత్రం ఒడ్డున బల్లకి ఎక్కువ డబ్బు పెట్టినా న్యాయమే. కాకపోతే అటువైపు గదులు మధ్యాహ్నం తర్వాత బాగా వేడెక్కుతాయి. సముద్రం తూర్పున ఉంటే రాత్రి భోజనం వేళకి ఎదురుగా చీకటి తప్ప ఏమీ ఉండదు. అలలు వినిపిస్తాయంతే. అలాంటి ఊళ్ళో రాత్రిపూట ‘సీ వ్యూ’ రెస్టారెంట్‌కి ఎక్కువ ఇవ్వడం దండగ. అదే చోట పొద్దున్నే టిఫిన్ చేయండి, తక్కువ ఖర్చుతో సముద్రం మొత్తం మీదే.

పడమటి తీరంలో కూడా ఇంకో దారి ఉంది. సూర్యాస్తమయం వేళ ఒడ్డున ఓ గంట కూర్చుని కాఫీయో జ్యూసో తాగి, చీకటిపడ్డాక భోజనానికి లోపలి వీధికి నడవడం. ఇద్దరికైనా, పదిమందికైనా ఈ పద్ధతి బాగా కుదురుతుంది. ఒడ్డున చాలా రెస్టారెంట్లు అలాంటివాళ్ళని కూర్చోనిస్తాయి. కొన్ని మాత్రం ఆ వేళకి భోజనం చేసేవాళ్ళకే బల్లలు ఇస్తాయి, ముందే అడిగితే సరి.

హోటలా, అపార్ట్‌మెంటా

అపార్ట్‌మెంట్‌లో వంటగది ఉంటుందని, తిండి ఖర్చు మిగులుతుందని లెక్కలేస్తారు. నిజానికి సెలవుల్లో రోజూ వండుకునేవాళ్ళు తక్కువ. అక్కడ అసలు ఉపయోగపడేవి ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, పిల్లలు పడుకున్నాక పెద్దవాళ్ళు కూర్చోడానికి ఇంకో గది. ఉప్పునీళ్ళలో తడిసిన బట్టలు రోజూ పోగవుతాయి కాబట్టి, కుటుంబానికి వాషింగ్ మెషీన్, బట్టలు ఆరేసుకునే చోటు వంటగదికన్నా విలువైనవి.

ఖర్చు పోల్చేటప్పుడు రాత్రికి ఇంత అన్న అంకెని పక్కన పెట్టి, చివర్లో కట్టే మొత్తాన్ని రాత్రులతో భాగించండి. అపార్ట్‌మెంట్లకి శుభ్రం చేసే రుసుము ఒకేసారి పడుతుంది. 2 రాత్రులుంటే అందులో సగం ఒక్కో రాత్రి మీద పడుతుంది, 7 రాత్రులుంటే ఏడో వంతే. అందుకే మూడు రాత్రుల దాకా హోటల్, అంతకుమించి ఉంటే, అందులోనూ నలుగురైదుగురు ఉంటే అపార్ట్‌మెంట్ అన్నది నా లెక్క. చాలా నగరాలు మనిషికి, రాత్రికి ఇంత అని టూరిస్టు పన్ను వసూలు చేస్తాయి. అది ఆన్‌లైన్ ధరలో కలవకుండా అక్కడికి వెళ్ళాక అడగొచ్చు.

అనుమతి సంగతి కూడా చూసుకోవాలి. ఊళ్ళోవాళ్ళకి అద్దె ఇళ్ళు దొరకడం లేదన్న గొడవతో కొన్ని తీర నగరాలు పర్యాటకుల అపార్ట్‌మెంట్లని అదుపు చేస్తున్నాయి. స్పెయిన్‌లోని బార్సిలోనా నగరం 2028 నాటికి వీటి లైసెన్సులన్నీ ముగించేస్తామని 2024లో ప్రకటించింది. రిజిస్ట్రేషన్ నంబర్ తప్పనిసరి చేసిన ఊరైతే, ఆ నంబర్ చూపించని అపార్ట్‌మెంట్ జోలికి వెళ్ళకండి. ఎంత చవకైనా సరే, చివరి నిమిషంలో బుకింగ్ రద్దయితే పిల్లాపాపలతో రోడ్డు మీద పడే టెన్షన్ ఎవరికీ వద్దు.

భోజనంతో కలిపి తీసుకోవాలా

గది మాత్రమే, టిఫిన్‌తో కలిపి, టిఫిన్‌తో పాటు ఒక భోజనం, మూడు పూటలా, ఇలా నాలుగు రకాలు ఉంటాయి. కొన్నిచోట్ల వీటినే వరసగా ఈపీ, సీపీ, ఎంఏపీ, ఏపీ అని రాస్తారు. ఇంకొన్నిచోట్ల రూమ్ ఓన్లీ, బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్, హాఫ్ బోర్డ్, ఫుల్ బోర్డ్ అంటారు. హాఫ్ బోర్డ్‌లో రాత్రి భోజనానికి తాగేవి చాలాచోట్ల కలవవు, మంచినీళ్ళ సీసాకి కూడా విడిగా బిల్లు వేసే హోటళ్ళున్నాయి.

టిఫిన్ కలిపి తీసుకోవడం ఎక్కువమందికి లాభమే, ముఖ్యంగా పిల్లలుంటే. అయితే మీ పొద్దు ఎలా గడుస్తుందో ఆలోచించండి. తెల్లారి ఈతకి వెళ్ళి పదింటికి గానీ తిరిగిరాని మనుషులకి హోటల్ టిఫిన్ వేళ దాటిపోతుంది, కట్టిన డబ్బు పోయినట్టే. మూడు పూటలా హోటల్లో తినే ప్లాన్ నగరంలో దాదాపు ఎవరికీ వద్దంటాను. అది ఊరికి దూరంగా, చుట్టుపక్కల తినడానికేమీ లేని రిసార్టుకి సరిపోతుంది. నగరానికి వచ్చి, ఆ నగరం ఏం తింటుందో రుచి చూడకుండా వెళ్ళడం నాకు నిజంగా బాధగా అనిపిస్తుంది.

హాఫ్ బోర్డ్ ఒక సందర్భంలో మంచిది. సీజన్ కాని రోజుల్లో పర్యాటకుల మీదే బతికే తీరప్రాంతాల్లో చాలా రెస్టారెంట్లు మూసేస్తారు. చలికాలం రాత్రి తలుపులు తెరిచి ఉన్న చోటు వెతుక్కుంటూ తిరగడం కన్నా హోటల్లో భోజనం నయం. లేదా అలాంటి రోజుల్లో ఒడ్డుని వదిలేసి ఊరి మధ్యలో గది తీసుకోండి. అక్కడ ఊళ్ళోవాళ్ళ కోసం ఏడాది పొడుగునా నడిచే చోట్లు ఉంటాయి. సీజన్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. సముద్రం నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది. నాలుగు కాలాలూ స్పష్టంగా ఉండే దేశాల్లో వేసవి మొదట్లోకన్నా వేసవి ముగిశాక నీళ్ళు వెచ్చగా ఉంటాయి, బడులు తెరిచాక గదులు చవకగా దొరుకుతాయి, రెస్టారెంట్లు ఇంకా తెరిచే ఉంటాయి. పిల్లల బడి అడ్డం లేనివాళ్ళకి అదే సరైన సమయం. తుఫానులు వచ్చే కాలమైతే మాత్రం రద్దు చేస్తే డబ్బు వెనక్కిచ్చే బుకింగే చేసుకోండి, వెనక్కివ్వని బుకింగ్‌కన్నా ధర ఎంత ఎక్కువున్నా.

బయట తినేటప్పుడు

ఒడ్డు మీది రెస్టారెంట్లన్నీ చెడ్డవని, వెనక వీధివన్నీ మంచివని అనలేం. కాకపోతే ఒడ్డున ఉన్నవాళ్ళకి రోజూ కొత్తవాళ్ళే వస్తారు. వెనక వీధిలో ఉన్నవాళ్ళకి నిన్న వచ్చినవాళ్ళు మళ్ళీ రావాలి. ఆ తేడా వంటలో తెలుస్తుంది. ఎక్కడైనా సరే చిన్న మెనూ, అదీ రోజూ మారే మెనూ ఉన్న చోటు మంచి గుర్తు. ప్రపంచంలోని వంటకాలన్నీ ఫొటోలతో సహా వేసి, దారిన పోయేవాళ్ళని లోపలికి పిలిచే చోట ఆకలి చంపుకోవచ్చు గానీ సముద్రతీరానికి వచ్చిన ఫలితం దక్కదు. ఫిషింగ్ హార్బర్ దగ్గర మామూలు బల్లలేసిన చోట్లు ఉంటే ముందు అక్కడికి వెళ్ళండి. పడవలు మధ్యాహ్నానికి తిరిగొచ్చే ఊళ్ళో ఒంటిగంట భోజనం ఒకలా ఉంటుంది, రాత్రి ఎనిమిది భోజనం ఇంకోలా ఉంటుంది.

పెద్ద భోజనం మధ్యాహ్నం, తేలికపాటిది రాత్రి పెట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది. చాలా నగరాల్లో మధ్యాహ్నం ఒకే ధరకి రెండు మూడు వంటకాలు కలిపి ఇచ్చే పద్ధతి ఉంది, అదే వంటగదిలో అవే వంటకాలు రాత్రికి విడివిడి ధరలతో వస్తాయి. మధ్యాహ్నం ఒడ్డున తినాలనుకుంటే గాలికి అడ్డు ఉన్న బల్ల అడగండి. లేకపోతే పళ్ళెంలో ఇసుక పడుతుంది.

చేపలు తినేవాళ్ళు మెనూలో ‘మార్కెట్ ధర’ అని చూస్తే ఆర్డర్ ఇచ్చే ముందే మూడు ప్రశ్నలు అడగాలి. రేటు కిలోకా, 100 గ్రాములకా? తూకం శుభ్రం చేయక ముందా, తర్వాతా? ఈ చేప మొత్తం ఎంతవుతుంది? చేపని చూపించి, కళ్ళముందు తూచి, ధర చెప్పే చోట మొహమాటపడాల్సింది ఏమీ లేదు. ఈ ప్రశ్నలకి చిరాకు పడే చోటు నుంచి లేచి వచ్చేయండి. తాజా చేప కన్ను తేటగా, కాస్త ఉబ్బుగా ఉంటుంది. మొప్పలు ఎర్రగా ఉంటాయి, వేలితో నొక్కితే కండ తిరిగి లేస్తుంది. నీచువాసన ఘాటుగా కొడితే పాతదే.

ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన చేప అనగానే ముఖం తిప్పుకోనక్కర్లేదు. తుఫాను రోజుల్లో, వేట నిషేధం ఉన్న నెలల్లో తాజా చేప దొరకదు, ఆ మాట నిజాయితీగా చెప్పే రెస్టారెంట్‌ని నమ్మొచ్చు. పచ్చిగా వడ్డించే చాలా రకాల చేపల్ని పరాన్నజీవులు చావడానికి కావాలనే గడ్డకట్టిస్తారు. అమెరికా ఆహార నియమాల్లో మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 7 రోజులు ఉంచడం ఒక పద్ధతి. భయపడాల్సింది ఎండలో ఉంచేసిన చేపకి. ట్యూనా, మాకెరెల్, సార్డిన్ లాంటివి చల్లగా ఉంచకపోతే వాటిలో హిస్టమిన్ అనే, ఒంటికి హాని చేసే పదార్థం పెరుగుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. నోట్లో మిరియాల్లాంటి మంట అనిపిస్తే తినడం ఆపేయండి. పచ్చి ఆయిస్టర్లు (ఆల్చిప్పలు) గర్భిణులకి, కాలేయం జబ్బున్నవాళ్ళకి, బాగా పెద్దవాళ్ళకి వద్దు. బాగా ఉడికించినవి ఇమ్మనండి.

శాకాహారులు తీరనగరంలో గది తీసుకునే ముందే చుట్టుపక్కల తమకి తినడానికేముందో మ్యాప్‌లో వెతకాలి. చేపలకీ కూరలకీ వాడే నూనె ఒకటేనా, పులుసులో చేపల రసం పోశారా అని అడగడం విసుగ్గానే ఉంటుంది. ఇలాంటి కుటుంబాలకి అపార్ట్‌మెంట్ రెండు రాత్రులకైనా సరే అని నా అభిప్రాయం మార్చుకుంటాను.

మూడు తరాలు కలిసి వెళ్తున్నప్పుడు అందరికీ ఒకే రకం గదులు తీసుకోవాలని పట్టుపట్టకండి. తాతయ్య, నాయనమ్మలకి, చంటిబిడ్డ తల్లికి ఒడ్డువైపు గది ఇచ్చి, మిగిలినవాళ్ళు అదే హోటల్లో వెనకవైపు గదుల్లో ఉండొచ్చు. ఆ బాల్కనీయే అందరూ కూర్చునే చోటవుతుంది. రాత్రి భోజనం అందరూ నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉండాలి, మెట్లు లేని చోటయితే ఇంకా మంచిది. పిల్లలు నిద్రకి పడే వేళకి ముందే వడ్డించే చోటు ఏదో వెళ్ళిన మొదటి రోజే అడిగి ఉంచుకోండి. కొన్ని ఊళ్ళలో రాత్రి ఎనిమిదింటికి గానీ వంటగది తెరవరు.

చివరి రోజు గురించి బుక్ చేసేటప్పుడే అడగండి. గది పదకొండుకో పన్నెండుకో ఖాళీ చేయాలి, రైలో విమానమో సాయంత్రం ఉంటుంది. మధ్యలో ఆరేడు గంటలు. హోటల్ అయితే సామాను రిసెప్షన్‌లో ఉంచి, తిరిగొచ్చాక ఉప్పు కడుక్కోడానికి స్నానాలగది ఇస్తారేమో కనుక్కోండి. అపార్ట్‌మెంట్లలో ఈ రెండూ చాలావరకు ఉండవు, స్టేషన్ దగ్గర లాకర్ వెతుక్కోవాలి. లాకర్ దొరికేట్టయితే ఆ మధ్యాహ్నాన్ని ఒడ్డున నింపాదిగా భోజనానికి ఉంచండి. స్నానం కుదిరితే ముందు ఓసారి నీళ్ళలోకి కూడా దిగండి.